బహుపదుల తీసివేతలో గుర్తులు ఎందుకు తారుమారవుతాయి?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయికి బహుపదుల కూడిక బాగానే వస్తున్నా, తీసివేతకు వచ్చేసరికి గుర్తులు తప్పుతున్నాయని, ఎలా నేర్పాలని అడిగారు. తిరుపతి బైరాగిపట్టెడలో మా ఇంట్లో సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతూ నేను అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దిన తప్పు ఇది. చిత్తూరులో చదువుకునే రోజుల్లో నేనూ ఇదే తప్పు చేసి మార్కులు పోగొట్టుకున్నాను.

(5ఎక్స్² − 3ఎక్స్ + 7) − (2ఎక్స్² − 4ఎక్స్ + 9) అనే లెక్కకు చాలామంది పిల్లలు 3ఎక్స్² − 7ఎక్స్ + 16 అని రాస్తారు. బ్రాకెట్ ముందున్న మైనస్‌ను మొదటి పదానికి మాత్రమే ఇచ్చి, మిగిలిన రెండింటినీ ఉన్నవి ఉన్నట్టు దించేస్తారు. ‘గుర్తులు మార్చాలి’ అని మాత్రమే చెబితే రెండు రోజులు గుర్తుంటుంది; మూడో రోజు మొదటి బహుపది గుర్తులు కూడా మార్చేస్తారు.

అందుకని నేను అంగడి లెక్కతో మొదలుపెడతాను. చేతిలో 500 రూపాయలున్నాయి. 200 రూపాయల సరుకు తీసుకున్నాం, ఖాళీ నూనె డబ్బాలు తిరిగి ఇచ్చినందుకు అంగడాయన అందులో 40 తగ్గించాడు. మిగిలేది 500 − (200 − 40), అంటే 340. ముందు 200 ఇచ్చేసి, ఆ తర్వాత 40 వెనక్కి తీసుకున్నా చేతిలో ఉండేది అదే 340 కాబట్టి, బ్రాకెట్‌లోని మైనస్ 40 బయటికి వచ్చేటప్పుడు ప్లస్ 40 ఎందుకవుతుందో పిల్లలే చెబుతారు. సున్నా నుండి ఋణాన్ని తీసివేస్తే ధనం వస్తుందని గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే రాశాడు. ఋణమంటే అప్పేనని తెలిసిన తెలుగు పిల్లలకు ఈ మాట ఇట్టే అర్థమవుతుంది.

ఇక పై లెక్క 5ఎక్స్² − 3ఎక్స్ + 7 − 2ఎక్స్² + 4ఎక్స్ − 9 అవుతుంది. సజాతి పదాలను, అంటే ఎక్స్² ఉన్నవాటిని ఒకచోట, ఎక్స్ ఉన్నవాటిని ఒకచోట, వట్టి సంఖ్యలను ఒకచోట కలిపితే 3ఎక్స్² + ఎక్స్ − 2 వస్తుంది. నిలువు వరుసలో చేసేటప్పుడు, లేని పదం చోట 0ఎక్స్ అని రాయించండి, లేకపోతే పదాలు పక్క వరుసలోకి జారిపోతాయి.

సజాతి పదాలు చెప్పేటప్పుడు మా జిల్లా వాళ్లకు తోతాపురి, బేనీషా మామిడికాయల పోలికే ముందు తడుతుంది. నేనూ కొన్నేళ్లు అదే వాడి, తర్వాత మానేశాను. ఎక్స్ అనేది కాయ కాదు, సంఖ్య. ఒక సంఖ్యకు ఐదు రెట్ల నుండి అదే సంఖ్యకు మూడు రెట్లు తీసేస్తే రెండు రెట్లు మిగులుతుందని చెబితే, గుణకాలను, అంటే ఎక్స్ ముందున్న సంఖ్యలను మాత్రమే ఎందుకు తీసివేస్తామో స్పష్టమవుతుంది.

ఇంగ్లీష్ మీడియం పిల్లలకు ఇంకొక చిక్కు ఉంది. తెలుగులో ‘దీని నుండి దానిని తీసివేయండి’ అన్నప్పుడు ముందుగా రాయవలసినది, అంటే దేనిలోనుండి తీయాలో అది, ముందే వస్తుంది. ‘సబ్‌ట్రాక్ట్’ అని మొదలయ్యే ఇంగ్లీష్ వాక్యంలో అది ‘ఫ్రమ్’ తర్వాత వస్తుంది కనుక, చదివిన వరుసలోనే రాసుకుంటే లెక్క తిరగబడి, జవాబులో ప్రతి గుర్తూ తారుమారుగా వస్తుంది. మీ అమ్మాయి జవాబు అలా ఉంటే లోపం బీజగణితంలో కాదు, ప్రశ్న చదవడంలో ఉందన్నమాట.

చివరగా, జవాబును తనంతట తానే సరిచూసుకోమనండి. ఎక్స్ బదులు 2 పెడితే మొదటి బహుపది 21, రెండోది 9, తేడా 12. సరైన జవాబూ 12 ఇస్తుంది, తప్పు జవాబు 14 ఇస్తుంది. సులభమని 1 పెట్టనివ్వకండి: 3ఎక్స్² + ఎక్స్‌ను కలిపేసి 4ఎక్స్³ అని రాసినా, 1 పెడితే రెండూ 4 అయి ఆ తప్పు దొరకదు.