ఉప్పు తిన్న కారు నీళ్లు తాగాలి
(బండి కబుర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: అన్నగారూ, చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతానికి వచ్చి మూడేళ్లయింది. నా కారు వయసు తొమ్మిదేళ్లు. వెనక చక్రం పైన పెయింట్ కింద చిన్న చిన్న బుడిపెలు లేచాయి. గోరుతో గీకితే పెచ్చు ఊడి గోధుమరంగు పొడి రాలింది. బండిని ఏ రోజూ మంచులో వదల్లేదు, హీటర్ ఉన్న గరాజ్‌లోనే పెడతాను. అయినా ఎందుకిలా? అడుగున నల్ల కోటింగ్ కొట్టించమని ఒకరు, అమ్మేయమని ఇంకొకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ హీటర్ కట్టేయండి. బండిని అపురూపంగా చూసుకుంటున్నాననుకుని మీరు తుప్పుకి మర్యాదలు చేస్తున్నారు. ఇనుము, గాలి, నీళ్లు కలిస్తే తుప్పు ఎలాగూ పడుతుంది. ఉప్పు చేరితే అది పరుగందుకుంటుంది. చలి ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం నత్తనడకే. బండి కింద గడ్డకట్టిన బురద రాత్రంతా అలాగే ఉన్నా పెద్ద నష్టం లేదు. మీరేమో రోజూ సాయంత్రం దాన్ని వెచ్చటి చోటికి తెచ్చి, బురద కరిగించి, ఆ ఉప్పునీళ్లు ప్రతి అతుకులోకీ దిగేదాకా ఉంచుతున్నారు. కడిగి ఆరబెట్టిన బండికి వెచ్చటి గరాజ్ మంచిదే. కడగని బండికి ఆరుబయటే మేలు.

చల్లే ఉప్పు చాలావరకు వంటింటి ఉప్పు జాతిదే, సోడియం క్లోరైడ్. అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1938లో దీన్ని రోడ్ల మీద ప్రయోగించి చూసి, 1941-42 చలికాలం నుంచి పద్ధతిగా వాడడం మొదలుపెట్టింది. మైనస్ 10 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఈ ఉప్పు నీరసపడిపోతుంది. అందుకని చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలుపుతారు. వాటితో వచ్చిన చిక్కేమిటంటే అవి గాలిలోని తేమని లాక్కుని తడితడిగానే ఉంటాయి. మంచు పడి వారమైంది, రోడ్డు ఎండిపోయింది, ఇక కడగక్కర్లేదు అనుకుంటాం చూడండి, ఆ వారం రోజులూ బండి కింద పని జరుగుతూనే ఉంటుంది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు కదా, బండికీ అంతే. మంచు కరిగే పాటి ఎండ వచ్చిన రోజు చూసుకుని, పది పదిహేను రోజులకోసారి అడుగు భాగం కడిగించండి. పైన తళతళలాడించి కింద వదిలేసే కార్ వాష్ వల్ల మీ కళ్లకి తప్ప బండికి ఉపయోగం లేదు. అడుగు నుంచి నీళ్లు చిమ్మే ఏర్పాటు ఉందో లేదో అడిగి మరీ వెళ్లండి. చక్రాల పైన వంపులో మడతల వెనక బురద ముద్దలా పేరుకుంటుంది, చెయ్యి పెట్టి తీస్తేనే గానీ రాదు. తలుపుల అడుగున నీళ్లు కారిపోవడానికి సన్నటి కన్నాలుంటాయి. అవి మూసుకుపోతే తలుపు తొట్టె అయిపోతుంది. పుల్లతో పొడిచి చూడండి. చలికాలం వెళ్లాక ఓసారి తీరిగ్గా, బాగా కడగడం మాత్రం మానొద్దు.

ఇక బుడిపెలు. తుప్పు చాలాసార్లు లోపలి నుంచి బయటికి వస్తుంది. మీకు బుడిపె కనబడిందంటే వెనక్కాల రేకు ఎప్పుడో పాడై ఉండవచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఠంగుమంటే రేకు గట్టిగా ఉన్నట్టు. దబ్బుమని మెత్తటి చప్పుడొస్తే, రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడమే. పుట్టీ పెట్టి రంగేస్తే వచ్చే చలికాలానికి అదే చోట మళ్లీ లేస్తుంది. పైపై తుప్పయితే మెరిసే లోహం కనబడేదాకా వైర్ బ్రష్‌తోనూ ఉప్పు కాగితంతోనూ గీకి, ప్రైమర్ వేసి, పెయింట్ వెయ్యండి. (ఉప్పు తెచ్చిన తుప్పుని ఉప్పు కాగితంతో తీస్తాం. మన భాషకి కాస్త వెటకారం ఎక్కువే.)

నల్ల కోటింగ్ గురించి నేను దెబ్బ తినే నేర్చుకున్నాను. నా పాత బండికి ఒక షాపువాళ్లు రబ్బరు లాంటి మందపాటి పూత కొట్టారు. కొత్త టైరులా నిగనిగలాడుతుంటే మురిసిపోయాను. రెండు చలికాలాలయ్యాక ఒకచోట అంచు లేచి కనబడితే పట్టి లాగాను. పాము కుబుసంలా జానెడు ముక్క ఊడొచ్చింది. వెనక తడి. ఆ తడిలో రేకు పొరలు పొరలుగా విడిపోయి ఉంది. ఉన్న తుప్పుని శుభ్రం చెయ్యకుండా పైన మూత బిగించారన్నమాట. శుభ్రమైన కొత్త బండికైతే గట్టి పూత వేయించుకోండి, కాదనను. తొమ్మిదేళ్ల బండికి నూనె రకమో, గొర్రె బొచ్చు నుంచి తీసే లానోలిన్ రకమో మేలు. అవి గట్టిపడవు, అతుకుల్లోకి పాకుతాయి. జిడ్డుగా ఉంటాయి, కొన్నాళ్లు కారతాయి, ఏటా చలికాలం ముందు మళ్లీ కొట్టించాలి. బ్రేక్ డిస్కుల మీద పడకుండా చూసుకోవాలి.

ఇంతకీ మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు దాని గురించే బెంగ. బ్రేక్ పైపులు ఎలా ఉన్నాయి? బండి కింద పెన్సిల్ కన్నా సన్నటి ఉక్కు గొట్టాలు వెనక చక్రాల దాకా వెళ్తాయి. క్లిప్పు బిగించిన చోట ఉప్పు బురద ఇరుక్కుని అక్కడే తినేస్తుంది. నాకు ఓ రోజు సిగ్నల్ దగ్గర పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. వేగం లేదు కాబట్టి హ్యాండ్ బ్రేక్‌తో ఆగాను. దిగి చూస్తే వెనక చక్రం దగ్గర మంచు మీద రూపాయి బిళ్లంత జిడ్డు మరక, అంతే. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ కూడా 2015లో పాత బండ్ల బ్రేక్ పైపుల తుప్పు గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది, అడుగు భాగం కడగమని చెప్పింది. పైపు మీద పొలుసులు లేచి ఉంటే మార్పించెయ్యండి. రాగి, నికెల్ కలిసిన పైపు వేయించుకుంటే ఉప్పుకి లొంగదు.

అమ్మాలా వద్దా అన్నది బుడిపెలు చూసి తేల్చకండి. బండిని లిఫ్ట్ ఎక్కించి ఫ్రేమ్, సస్పెన్షన్ బిగించే చోట్లు, పైపులు చూపించండి. అవి గట్టిగా ఉంటే ఇంకా కొన్నేళ్లు నడుపుకోవచ్చు. ఫ్రేమే పుచ్చిపోతే ఇంజిన్ ఎంత బాగున్నా లాభం లేదు. మీరే స్వయంగా చూడాలనుకుంటే ఒట్టి జాక్ మీద నమ్మకంతో కిందికి దూరకండి. తుప్పు పట్టిన బండికి జాక్ పెట్టే చోటే ముందు కుంగుతుంది.

ప్రశ్న: బ్యాటరీకి తగిలిస్తే తుప్పు పట్టనివ్వని ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి అమ్ముతున్నారు. ఓడలకి కూడా ఇదే పద్ధతట. కొనమంటారా?

జవాబు: వద్దండీ. ఓడ అడుగంతా ఎప్పుడూ సముద్రంలో మునిగి ఉంటుంది, ఆ నీళ్ల గుండానే కరెంటు తిరుగుతుంది. మీ కారు మీద తడి ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. కరెంటు తిరిగే దారే ఉండదు. మీ కారుని కూడా సముద్రంలో పార్క్ చేస్తానంటే చెప్పండి, అప్పుడు ఆలోచిద్దాం.