రీడింగ్ కంటే ముందు అది ఏ మీటరో చూడు

సీతమ్మధార, విశాఖపట్నం

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. రౌటర్లోకి వచ్చిన బైట్లు మైనస్ రెండు వందల కోట్లట! మీ రుషికొండ ఆఫీసులో ఎవరూ నవ్వలేదంటే మంచివాళ్లే. నీ కోడ్ కూడా చదివాను. రౌటర్లలాంటి పరికరాలని లెక్కలడిగే ఆ ఎస్ఎన్ఎంపీ జవాబులో ఏది వచ్చినా తీసుకెళ్లి ఒకే ఇంట్ (మైనస్‌లూ పట్టే పూర్ణాంకం) వేరియబుల్లో పోసేస్తున్నావు. "టైప్ కోడ్‌తో పనేంటి మామయ్యా, నంబర్ వస్తే చాలు కదా" అని ఫోన్లో అన్నావు చూడు, తిరకాసు అక్కడే ఉంది.

ఒక కాగితం తీసుకుని 41 02 00 80 అని రాసుకో. ఇవన్నీ హెక్స్ అంకెలు, అంటే పదహారు ఆధారంగా రాసే లెక్క; అందులో 80 అంటే మన 128. మొదటిది రకం (నువ్వు పనేంటన్న టైప్ కోడ్ ఇదే), రెండోది పొడవు, మిగతాది విలువ. 41 అంటే కౌంటర్32, పెరుగుతూనే పోయే 32 బిట్ల లెక్క. కాబట్టి ఇది 128 దగ్గరున్న కౌంటర్. ఇప్పుడు మొదటి బైటు ఒక్కటీ మార్చు. 43 పెడితే అది టైమ్‌టిక్స్, అంటే సెకనులో వందో వంతుల లెక్క. అదే 128 ఇప్పుడు 1.28 సెకన్లు అయిపోయింది. 42 పెడితే గేజ్. 02 పెడితే మామూలు పూర్ణాంకం. 04 పెడితే అసలు నంబరే కాదు, రెండు ఉత్త బైట్లు. వెనకాల ఉన్న మూడు బైట్లలో ఒక్క చుక్క కూడా మారలేదు.

80 ముందు ఆ 00 ఎందుకని అడుగుతావని తెలుసు. ఈ బైట్లని పేర్చే బీఈఆర్ పద్ధతిలో విలువ మొదటి బిట్ 1 అయితే అది మైనస్ సంఖ్య. 80 ఒక్కటే పంపితే అవతలివాడు మైనస్ 128 అని చదువుకుంటాడు. అందుకే ముందొక సున్నా. కౌంటర్32 నిండుగా ఉన్నప్పుడు నాలుగు బైట్లకు బదులు ఐదు వచ్చేది కూడా ఇందుకే. నాలుగుకి మించవనుకుని బఫర్ (బైట్లు పట్టే చోటు) కట్టి, ఒక రాత్రంతా జాగారం చేసినవాణ్ణి నేను.

నీ మైనస్ గోల కూడా దాదాపు ఇలాంటిదే. కౌంటర్32 సున్నా నుంచి 4294967295 దాకా పోతుంది. నీ ఇంట్ 2147483647 దగ్గరే చేతులెత్తేస్తుంది. 229 కోట్లు దాటిన లెక్క దానికి మైనస్ 200 కోట్లుగా కనబడింది. అన్‌సైన్డ్‌లోకి, అంటే మైనస్‌లు లేని రకంలోకి మారిస్తే మైనస్ పోతుంది. కానీ అంతటితో ఊపిరి పీల్చుకోకు.

కౌంటర్ అంటే మన ఇంటి కరెంటు మీటర్. బిల్లు తీసే అబ్బాయి ఈ నెల రీడింగ్‌లోంచి పోయిన నెలది తీసేస్తాడు గానీ, మీటర్ మీద ఉన్న అంకెకి బిల్లు వేయడు కదా. గేజ్ అంటే స్కూటర్ మీద స్పీడు ముల్లు. ఎక్కుతుంది, దిగుతుంది, ఎంత చూపిస్తే అంతే. రెండింటినీ ఒకే లెక్కలో వేస్తే పులుసులో పంచదార పోసినట్టు ఉంటుంది.

మీటర్ చివరికొచ్చి మళ్లీ సున్నా నుంచి మొదలైతే 2 ఘాతం 32 కలిపి తీసేయాలి. ఈ సంగతి నీకు తెలుసు. మరి మీటరే మార్చేస్తే? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి, కొవ్వొత్తి వెలుగులో భయపడుతూ కూర్చోవడం గుర్తుండే ఉంటుంది. తర్వాత కరెంటు వచ్చి మా పరికరాలన్నీ లేచాయి, కౌంటర్లన్నీ సున్నా నుంచి. నేను రాసిన ప్రోగ్రామేమో "ఓహో, మీటర్ తిరిగింది" అనుకుని ఒక్కో పోర్టుకీ వందల కోట్ల బైట్లు కలిపేసింది. ఊళ్లో ఫోన్ ఛార్జింగ్‌కే దిక్కులేని రోజున మా గ్రాఫ్ చూస్తే జనమంతా సినిమాలు డౌన్‌లోడ్ చేసుకుంటున్నట్టుంది. తప్పు పూర్తిగా నాదే. కౌంటర్‌తో పాటు, పరికరం లేచి ఎంతసేపయిందో చెప్పే సిస్‌అప్‌టైమ్ కూడా అడిగి, అది పోయినసారి కంటే తగ్గితే ఆ లెక్క వదిలేయమని రాసి ఉంటే సరిపోయేది. ఆ సిస్‌అప్‌టైమ్ కూడా టైమ్‌టిక్సే, 32 బిట్లే. 497 రోజులకి అదీ సున్నాకొస్తుంది. ఆ ఒక్కసారికి ఒక లెక్క పోతే పోనీ.

మీ లింకు గిగాబిట్ అన్నావు. నిండుగా పారితే కౌంటర్32 దాదాపు 34 సెకన్లకో చుట్టు తిరుగుతుంది. నువ్వు అడిగేది ఐదు నిమిషాలకోసారి. మధ్యలో ఎనిమిది చుట్లు తిరిగినా నీకు తెలియదు, ఏ లెక్కా దాన్ని పట్టుకోలేదు. వచ్చిన బైట్లని 32 బిట్లలో చెప్పే ఇఫ్‌ఇన్‌ఆక్టెట్స్ వదిలేసి, 64 బిట్లలో చెప్పే ఇఫ్‌హెచ్‌సీఇన్‌ఆక్టెట్స్ అడుగు, 1.3.6.1.2.1.31.1.1.1.6 కింద ఉంటుంది. దాని రకం 46, కౌంటర్64. ఎస్ఎన్ఎంపీ వెర్షన్ 1లో ఇది రాదు, కనీసం 2సీ ఉండాలి. నెట్-ఎస్ఎన్ఎంపీ లైబ్రరీలో అది హై (పై 32 బిట్లు), లో (కింది 32 బిట్లు) అని రెండు ముక్కలుగా చేతికొస్తుంది. హైని 4294967296తో గుణించి లో కలుపు. లో ఒక్కటే తీసుకుంటే మళ్లీ మొదటికొస్తావు.

ఆ లైబ్రరీలో ఇంకో మాట. ప్రతి వేరియబుల్‌కీ టైప్ అనే గడి, పక్కనే వాల్ అనే యూనియన్ (ఒకే చోటుని రకాన్ని బట్టి వేర్వేరుగా చదివే గడి) ఉంటాయి. టైప్ చూడకుండా యూనియన్‌లో చెయ్యి పెట్టకు. 04 వస్తే స్ట్రింగే కదా అని ప్రింట్ కొట్టకు. నెట్‌వర్క్‌లో పరికరం గుర్తు అయిన మ్యాక్ అడ్రస్ కూడా 04గానే వస్తుంది, తేదీ-సమయం కూడా. చివర సున్నా బైటు ఉంటుందన్న హామీ లేదు, పొడవు చూసుకునే చదవాలి. దాన్ని ఎలా చూపించాలో మిబ్‌లో (ఏ విలువ ఏమిటో రాసుండే జాబితాలో) ఉంటుంది, కోడ్‌లో ఉండదు.

రకం ఉండే మొదటి బైటులో 80, 81, 82 వచ్చాయంటే అవి విలువలు కావు. అలాంటి ఆబ్జెక్టే లేదు, ఆ ఇన్‌స్టెన్స్ లేదు, ఇంక ముందుకెళ్లడానికేం లేదు అని చెప్పడం. వాటి పొడవు సున్నా. నువ్వు దాన్ని సున్నా విలువ అనుకుంటున్నావు, నీ యూపీఎస్ గ్రాఫ్ చూస్తేనే తెలిసింది. మే నెలలో మధురవాడ బ్యాటరీ గదిలో సున్నా డిగ్రీలేమిటే? లంబసింగిలో కూడా ఉండదు! అలాంటి చోట గ్రాఫ్‌లో ఖాళీ వదులు. ఇంకా చిన్నది ఒకటి: అవునో కాదో చెప్పే ట్రూత్‌వాల్యూ రకంలో అవును అంటే 1, కాదు అంటే 2. సున్నా కాకపోతే అవును అని రాశావో, అన్నీ అవునే.

డేటాబేస్‌లో విలువ పక్కన రకానికి ఒక కాలమ్ పెట్టు. ఇప్పుడు దండగ అనిపిస్తుంది గానీ, ఆర్నెల్ల తర్వాత ఎవరైనా పాత అంకె చూపించి ఇదేంటని అడిగితే నీ దగ్గర జవాబుంటుంది.

అనుమానం వచ్చినప్పుడు నెట్-ఎస్ఎన్ఎంపీ కమాండ్‌కి మైనస్ డి (-d) తగిలించు, ప్యాకెట్ మొత్తం హెక్స్‌లో పడుతుంది. సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడాదికోసారే గానీ, ఇది ఎప్పుడు కావాలంటే అప్పుడు. మీ యూపీఎస్ ఇచ్చే జవాబు అలా తీసి ఒక కాగితం మీద రాసుకుని ఆదివారం ఇంటికి రా. బైట్ల కింద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదువుదాం. వచ్చేటప్పుడు బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ కట్టించుకురా, మీ అత్తకి ఉల్లిపాయ లేకుండా.

మామయ్య