ఇల్లు కట్టేటప్పుడు పెద్ద ఓక్ చెట్లను కాపాడుకోవడం ఎలా? ఒక చెట్టు పోగొట్టుకున్నాక తెలిసినవి

మీ ప్రశ్న చదవగానే మా పెరటి చెట్టు గుర్తొచ్చింది, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను. స్థలంలో రెండు పెద్ద ఓక్ చెట్లున్నాయి, పెద్దదాని మాను చుట్టుకొలత 8 అడుగులు, ప్లాన్ ప్రకారం ఇంటి గోడ దానికి 20 అడుగుల దూరంలో వస్తోంది, కాంట్రాక్టర్ ఏమో "చెట్టు జోలికి మేం పోం, మీరేం టెన్షన్ పడకండి" అంటున్నారు, ఆ మాట నమ్మి ఊరుకోవచ్చా అని అడిగారు. ఊరుకోవద్దండీ. మా కాంట్రాక్టర్ కూడా సరిగ్గా ఈ మాటే అన్నారు. అన్నట్టే చేశారు కూడా, మానుకి ఒక్క గాటు పడలేదు, ఒక్క కొమ్మ విరగలేదు. ఐదో ఏడు ఆ చెట్టుని కొట్టించాల్సి వచ్చింది.

మా స్థలంలో ఉన్నవి మూడు. ముందువైపు రెండు వైట్ ఓక్‌లు, వెనక ఒక రెడ్ ఓక్. ముందువి రోడ్డుకి దగ్గరగా ఉన్నాయి, లారీ తగులుతుందేమోనన్న భయంతో వాటి చుట్టూ మొదటి రోజే కంచె కట్టించాం. వెనకదానికి పసుపు రంగు టేపు చుట్టి వదిలేశాం. వెనకవైపు పెద్దగా పనేమీ లేదు కదా అనుకున్నాం. కానీ ఎండాకాలం పని, చెట్టు కింద చల్లటి నీడ. ఇటుకలు, ఇసుక, కంకర అన్నీ మెల్లగా ఆ నీడకే చేరాయి. మిక్సర్ కడిగిన నీళ్లు అక్కడే పారబోసేవాళ్లు. మధ్యాహ్నం బండ్లు కూడా అక్కడే నిలబెట్టేవాళ్లు. పనివాళ్లని అనడానికి ఏమీ లేదు, ఎండలో పనిచేసేవాళ్లు నీడ పట్టునే సామాను పెట్టుకుంటారు. అక్కడ పెట్టకూడదని వాళ్లకి చెప్పాల్సింది మేం. చెప్పడానికి మాకే తెలియదు.

మనందరం చేసే పొరపాటు ఒకటే. చెట్టు కింద ఎంత ఉంటుందో ఊహించడంలో తప్పుతాం. తల్లివేరు నిలువుగా పాతాళంలోకి దిగి ఉంటుందని, పైపైన ఏం చేసినా దానికి ఫరవాలేదని అనుకుంటాం. ఓక్ గింజ మొలిచినప్పుడు తల్లివేరు దిగే మాట నిజమే. పెద్ద చెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం వేళ్లలో ఎక్కువ భాగం పై 18 నుంచి 24 అంగుళాల మట్టిలోనే ఉంటుంది. నీళ్లు, పోషకాలు పీల్చే సన్నటి పిల్లవేళ్లైతే ఇంకా పైన, మొదటి అడుగులోనే. అవి కొమ్మలు ఎంతవరకు పరుచుకున్నాయో అంతటితో ఆగవు, దానికి రెండు మూడింతల దూరం పాకిపోతాయి. అంటే మీరు చెట్టుకి 30 అడుగుల అవతల నిలబడినా, కాలి కింద ఉన్నది చెట్టే.

ఆ పిల్లవేళ్లకి నీళ్లెంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి కణాల మధ్య ఉండే సందుల్లోంచే వాటికి గాలి అందుతుంది. బరువైన మిషన్ ఆ మట్టి మీద రెండు మూడు సార్లు తిరిగిందంటే చాలు, ఆ సందులు నలిగిపోతాయి. చాలావరకు నష్టం మొదటి కొన్ని ట్రిప్పుల్లోనే జరిగిపోతుంది, "ఒక్కసారే కదా" అనేది పనికిరాదు. మేం ఇంట్లో చేరాక చూడటానికి వచ్చిన చెట్ల నిపుణుడు ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, కంచె ఉన్నచోట మట్టిలో గుచ్చారు. పిడి దాకా దిగింది. తర్వాత వెనక చెట్టు కిందికి తీసుకెళ్లి, అదే స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి గుచ్చమన్నారు. బరువంతా వేసి నొక్కినా అంగుళం మించి దిగలేదు. ముందురోజు పడ్డ వాన నీళ్లు ఆ పక్కనే ఇంకా మడుగు కట్టి ఉన్నాయి. ఇంక ఆయన వేరే ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

దీనికి తోడు నీళ్ల పైపు. మేం లేని రోజున పైపులైను వేసేవాళ్లు వచ్చి టేపు పక్కకి జరిపి, మానుకి ఎనిమిది అడుగుల దూరంలో మూడడుగుల లోతు కందకం తవ్వేసి వెళ్లారు. సాయంత్రం వెళ్లి చూస్తే కందకం గోడలోంచి నా మణికట్టంత వేళ్లు నాలుగైదు బయటికి పొడుచుకుని ఉన్నాయి. కోసినట్టు లేవు. మిషన్ బకెట్ పట్టి లాగేసింది కాబట్టి చివర్లు పీచు పీచుగా చీలి, బెరడు రెండడుగుల దాకా ఒలిచినట్టు ఊడిపోయి ఉంది. పచ్చి ఓక్ వాసన, కొంచెం పుల్లగా, ఆ కందకం నిండా ఉంది. తవ్విన మట్టంతా మాను మొదట్లో నడుం ఎత్తు కుప్ప పోశారు. ఆ కుప్ప రెండు నెలలు అలాగే ఉండిపోయింది.

మరుసటి ఏడు చెట్టు బ్రహ్మాండంగా చిగురించింది. మేం కూడా హమ్మయ్య అనుకున్నాం. ఓక్‌తో వచ్చే చిక్కు ఇదే, దాచుకున్న శక్తితో కొన్నేళ్లు నెట్టుకొస్తుంది. దెబ్బ తగిలిన మూడు నుంచి ఏడేళ్లకి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. మాకు మూడో ఏడు ఆకులు చిన్నవయ్యాయి. నాలుగో ఏడు పైకొమ్మలు చివరి నుంచి ఎండుతూ వచ్చాయి. నీరసించిన చెట్టుని కనిపెట్టి వచ్చే తొలుచు పురుగులు మిగతా పని చేశాయి. అప్పటికి కాంట్రాక్టర్ లెక్కలు తేల్చుకుని వెళ్లిపోయి చాలా కాలమైంది.

ఇప్పుడు మీ చెట్టు లెక్క చూద్దాం. ఛాతీ ఎత్తులో, నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర చుట్టుకొలత తీసుకోవాలి. మీది 8 అడుగులంటే 96 అంగుళాలు, 3.14తో భాగిస్తే వ్యాసం సుమారు 30 అంగుళాలు. వ్యాసంలో ఒక్కో అంగుళానికి ఒక అడుగు నుంచి అడుగున్నర చొప్పున మాను చుట్టూ వదలాలన్నది చెట్ల నిపుణులు వాడే లెక్క. బ్రిటన్‌లో కట్టడాల దగ్గర చెట్ల కోసం వాడే బీఎస్ 5837 ప్రమాణం కూడా వ్యాసానికి 12 రెట్లు అంటుంది, అదీ అంతే అవుతుంది. మీ చెట్టుకి తక్కువలో తక్కువ 30 అడుగులు, కుదిరితే 45. మీ గోడ 20 అడుగుల్లో ఉంది. పైగా పునాది గుంత గోడ గీత దగ్గర ఆగదు, మనుషులు దిగి పనిచేయడానికి ఇంకో మూడు నాలుగు అడుగులు బయటికి తవ్వుతారు. అంటే నిజానికి మీ తవ్వకం 16, 17 అడుగుల దగ్గరికి వచ్చేస్తుంది.

అందుకని ప్లాన్ ఇంకా కాగితం మీద ఉండగానే ఇంటిని ఎంత జరపగలరో అడగండి. పది అడుగులు జరిగితే చాలావరకు గండం గట్టెక్కినట్టే. జరపడం కుదరకపోతే ఆ వైపు వరకు కందకం తవ్వి కట్టే పునాది మానేసి, విడివిడిగా పైల్స్, అంటే నేలలోకి లోతుగా దిగే సన్నటి స్తంభాలు, దింపి వాటి మీద నేలకి పైనే బీమ్ వేయమనండి. పైల్ గుంతలు చిన్నవి, పెద్ద వేరు అడ్డొస్తే గుంతని అటో ఇటో జరుపుకోవచ్చు. మీది బంకమట్టి నేలైతే ఇంజనీరుకి చెట్టు సంగతి ముందే చెప్పి తీరాలి. ఓక్ నీళ్లు బాగా తాగే చెట్టు, ఎండల్లో బంకమట్టిని పీల్చేస్తే నేల కుంగుతుంది. చెట్టు కొట్టేస్తే అదే మట్టి మళ్లీ నీళ్లు తాగి ఉబ్బుతుంది. పునాది లోతు ఈ రెండూ చూసుకుని నిర్ణయించాలి.

కంచె గురించి నేను గట్టిగా చెప్తాను. టేపు వద్దు. తాడు వద్దు. నేలలో పాతిన స్తంభాలకి బిగించిన ఇనప జాలీ కంచె, తీయాలంటే పనిముట్లు కావాలి అన్నట్టు ఉండాలి, గేటు ఉండకూడదు. స్థలం చదును చేయడానికి మొదటి మిషన్ లోపలికి రాకముందే అది నిలబడి ఉండాలి. ఒప్పందంలో కూడా రాయించండి: కంచె లోపల సామాను, బండ్లు, మట్టి కుప్పలు, సిమెంటు నీళ్లు ఏవీ ఉండవని, కంచె జరపాలంటే మీ సంతకం కావాలని. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, తర్వాత వచ్చే తోటపని వాళ్లు అందరికీ ఇది వర్తిస్తుందని విడిగా రాయించండి. మా కొంప ముంచింది మెయిన్ కాంట్రాక్టర్ కాదు, ఒక్కరోజు పనికి వచ్చిన వాళ్లు.

బండ్లు వెళ్లడానికి వేరే దారి లేక వేళ్ల మీదుగానే పోవాల్సివస్తే, అక్కడ మల్చ్, అంటే నేలని కప్పే చెక్క ముక్కల పొర, ఒక అడుగు మందాన పరిచి, పైన మందపాటి ప్లైవుడ్ గాని ఇనప రేకులు గాని వేయించండి. బరువు పంచుకుంటుంది. పని అయిపోగానే అదంతా తీసేసి మూడు నాలుగు అంగుళాల మల్చ్ మాత్రం ఉంచాలి, అదీ మానుకి తగలకుండా.

సిమెంటు కడిగిన నీళ్లకి చోటు దూరంగా చూపించండి. సున్నపు గుణం వల్ల మట్టి క్షారంగా మారి, ఓక్‌లకి ఇనుము అందక ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపెక్కుతాయి.

పైపులు, కేబుళ్లు అన్నీ వీలైతే ఒకే కందకంలో, చెట్టుకి అవతలి వైపు నుంచి రప్పించండి. తప్పనిసరిగా చెట్టు కిందుగానే రావాలంటే తవ్వనీయకండి, మూడడుగుల లోతున అడ్డంగా బోరు కొట్టి పైపు దూర్చవచ్చు. వేళ్లు ఎక్కువగా దానికి పైనే ఉంటాయి. పునాది అంచున వేళ్లు కోయక తప్పకపోతే ముందు చేత్తో తవ్వి వేరు బయటపెట్టి, పదునైన రంపంతో నున్నగా కోయించి, అదే రోజు తడిమట్టితో కప్పించండి. నున్నటి కోత దగ్గర కొత్త వేళ్లు వస్తాయి, చీలిన చోట కుళ్లు పడుతుంది. మాను వ్యాసానికి మూడింతల కంటే దగ్గరగా, అంటే మీ చెట్టుకి ఏడున్నర అడుగుల లోపల అస్సలు కోయకూడదు. అక్కడ ఉన్నవి చెట్టుని నిలబెట్టే వేళ్లు, అవి పోతే గాలివానకి పడిపోతుంది. ప్లాన్‌లో అంత దగ్గరికి రాక తప్పదని తేలితే, లేదా మాను ఇప్పటికే బోలుగా ఉంటే, మనసు కష్టపెట్టుకునైనా ముందే తీయించడం మేలని నా అభిప్రాయం. ఇల్లు లేచాక క్రేన్ పెట్టి ముక్కలు ముక్కలుగా దింపించడం ఎంత కష్టమో మేం చూశాం.

మట్టి లెవెల్ కూడా చూసుకోండి. తవ్విన మట్టి పారేయడం ఎందుకని చెట్టు చుట్టూ పరిచేస్తారు. కొన్ని అంగుళాలు పెరిగినా కింద వేళ్లకి గాలి తగ్గిపోతుంది. మాను నేలని తాకేచోట వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది కదా, అది ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి. మాను కరెంటు స్తంభంలా నిటారుగా నేలలోకి దిగినట్టు కనిపిస్తే మట్టి ఎక్కువ పోసినట్టే లెక్క.

ఒక పాత నమ్మకం ఉంది, వేళ్లు పోయాయి కాబట్టి కొమ్మలు కూడా నరికి సరిచేయాలని. మాకూ ఒకరు ఆ సలహా ఇచ్చారు. వినకండి. కొత్త వేళ్లు వేయడానికి కావలసిన ఆహారం ఆకులే తయారుచేయాలి. ఎండుకొమ్మలు, ఇంటికి తగిలేవి తీయించండి, అంతవరకే. మీరు అమెరికాలో ఉంటే ఇంకో జాగ్రత్త: అక్కడ ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులు ఉంది. తాజా గాయాల వాసనకి వచ్చే చిన్న పెంకు పురుగులు మోసుకొస్తాయి, పక్కపక్క చెట్ల వేళ్లు అతుక్కుని ఉంటే ఆ దారిన కూడా పాకుతుంది. రెడ్ ఓక్‌లు వారాల్లోనే చనిపోతాయి. ఆ తెగులున్న చోట వసంతంలో, వేసవి మొదట్లో కొమ్మలు కోయకూడదు, ఎప్పుడు గాయమైనా వెంటనే పెయింట్ వేయాలి. తెగులు లేనిచోట పెయింట్ అక్కర్లేదు.

పని జరిగినన్నాళ్లూ వానలు లేకపోతే పది పదిహేను రోజులకోసారి నెమ్మదిగా, లోతుగా తడపండి. మాను మొదట్లో కాదు, కొమ్మల అంచు కింద. ఎండాకాలం అసలు వానలే ఉండని ప్రాంతాల్లో పుట్టిన ఓక్‌లకి మాత్రం ఎండల్లో మాను దగ్గర తడి తగిలితే వేరుకుళ్లు వస్తుంది, మీ చెట్టు ఏ రకమో తెలుసుకుని చేయండి. నత్రజని ఎరువులు వద్దు. ఇంట్లో చేరాక చెట్టు కింద పచ్చిక పెంచి స్ప్రింక్లర్లు పెట్టకండి, రాలిన ఆకులు అక్కడే ఉండనివ్వండి.

మా ముందువైపు రెండు వైట్ ఓక్‌లూ ఇప్పటికీ బాగున్నాయి. వాటికి మేం ప్రత్యేకంగా చేసింది ఏమీ లేదు, మొదటి రోజు కట్టిన ఆ కంచె తప్ప.

మీ రెండో చెట్టు చుట్టుకొలత, గోడకి దూరం, నీళ్ల పైపు ఏ వైపు నుంచి వస్తోందో రాయండి. ప్లాన్ ఖాయం చేసేలోపు దాని లెక్క కూడా చూసి చెప్తాను.