ఢిల్లీలో ప్రాక్టీసు పెట్టబోతున్న అమ్మలుకి

చి. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు అమరావతి హైకోర్టు వదిలి సుప్రీంకోర్టుకు వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో దిగులుంది, "మా అమ్మాయి" అనే దర్జా కూడా ఉంది. నా సంగతీ అంతే. కాకపోతే నువ్వు ఒక్కదానివి ఎక్కడుంటావు, ఏం తింటావు అని వాడి దిగులు. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ ఉండగా తిండికి లోటేమిటి? నా భయమల్లా, ఆ కోర్టు అప్పీళ్ళను ఎలా తేలుస్తుందో నీకు పూర్తిగా పట్టుబడకముందే ఎవరిదో పొలం, ఎవరిదో కొడుకు బతుకు నీ చేతిలో పెడతారని.

సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేసే హక్కున్న అడ్వకేట్ ఆన్ రికార్డ్ (ఏఓఆర్) కావడానికి రాసే పరీక్ష గురించి ఎక్కువ రాయను. నాలుగేళ్ళ ప్రాక్టీసు నిండాక, పదేళ్ళ అనుభవమున్న ఏఓఆర్ దగ్గర ఏడాది ట్రైనింగ్. పేపర్లు నాలుగు, ఒక్కోదాంట్లో 50 శాతం, మొత్తం మీద 60 రావాలి. కోర్టుకు 16 కిలోమీటర్ల లోపల ఆఫీసు ఉండాలి. చదువుకునే పిల్లవి, గట్టెక్కుతావు.

అసలు సంగతికి వస్తా. స్పెషల్ లీవ్ పిటిషన్, అంటే ఎస్‌ఎల్‌పి, అప్పీలు కాదు. అప్పీలు వేసుకోనివ్వండి అని అడిగే అర్జీ. ఈ తేడా పుస్తకంలో అందరూ చదువుతారు, డ్రాఫ్టింగ్‌లో ఎవరికీ గుర్తుండదు. 136వ అధికరణ కింద వచ్చే ఈ అధికారాన్ని అరుదుగా, పొదుపుగా వాడాలని ప్రీతమ్ సింగ్ కేసులో 1950లోనే అన్నారు. దానికి గీతలు గీయమని అడిగితే 2016లో రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు. అంటే తలుపు తీయడం, తీయకపోవడం పూర్తిగా ఆ బెంచి విచక్షణ. "హైకోర్టు తప్పు చేసింది" అంటే చాలదు. ఆ తప్పు సుప్రీంకోర్టు పట్టించుకోవాల్సినంత తప్పని చూపించాలి.

ఒకప్పుడు సివిల్ కేసులకు ఇంకో తలుపుండేది. దావా విలువ ఇరవై వేలకు తగ్గకపోతే హైకోర్టు సర్టిఫికెట్‌తో నేరుగా వెళ్ళేవాళ్ళు. మాగాణి ఎకరం ధర ఎంతన్నదాని మీదే అఫిడవిట్ల మీద అఫిడవిట్లు పడేవి. 1972లో రాజ్యాంగం 30వ సవరణతో ఆ లెక్క పోయింది. ఇప్పుడు 133వ అధికరణ కింద సర్టిఫికెట్ కావాలంటే అందరికీ అవసరమైన ముఖ్యమైన న్యాయప్రశ్న ఉండాలి, దాన్ని సుప్రీంకోర్టే తేల్చాలని హైకోర్టుకు అనిపించాలి. తీర్పు చదివిన వెంటనే నోటితో అడగాలి. నూటికి తొంభై మంది అడగరు, అడిగినా ఇవ్వరు. ఆ రోజుల్లో టైపు కట్టలు ట్రంకు పెట్టెలో పెట్టుకుని ఢిల్లీ రైలు ఎక్కేవాళ్ళు. ఇప్పుడు ఈ-ఫైలింగ్. కాగితం మీద వేసేదైతే ఏ4, రెండు వైపులా అచ్చు, 14 పాయింటు, ఎడమా కుడీ నాలుగేసి సెంటీమీటర్ల మార్జిన్. ఇది తప్పినా రిజిస్ట్రీ, అంటే కోర్టు ఆఫీసు, లోపముందని డిఫెక్ట్ వేస్తుంది. డిఫెక్టులు సరిచేయడానికి 28 రోజులు. అవి దాటితే ఆలస్యాన్ని మన్నించమని మళ్ళీ ఒక ఆలస్యం పిటిషను.

క్రిమినల్ ఫైలు చేతికి రాగానే ముందు చూడాల్సింది, ఎస్‌ఎల్‌పి అవసరమా, లేక అప్పీలు హక్కుగానే ఉందా అని. సెషన్స్ కోర్టు వదిలేసిన మనిషికి హైకోర్టు శిక్ష వేసి, అది ఉరో, యావజ్జీవమో, పదేళ్ళో అంతకు మించో అయితే, 134వ అధికరణ, సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ళ పరిధి పెంచిన 1970 చట్టం కింద అప్పీలు హక్కు. దాన్ని అలవాటు కొద్దీ ఎస్‌ఎల్‌పిగా వేశావా, హక్కుగా రావాల్సిన సాక్ష్యాల పరిశీలనను చేతులారా దయాదాక్షిణ్యం కిందికి దింపినట్టు. ఆ పని చేశావని వింటే ఊరుకోను.

రెండోది సరెండర్. జైలుశిక్ష పడ్డ మనిషి లొంగిపోయాడా లేదా పిటిషన్‌లో రాయాలి. లొంగకపోతే మినహాయింపు కోరుతూ దరఖాస్తు పెట్టాలి. ఈ రెండింటిలో ఏదీ లేకపోతే కేసు బెంచి ముందుకే రాదు. క్లయింటు "స్టే వచ్చాక లొంగుతాలెండి" అంటాడు, నువ్వు సరేనంటావు, పిటిషన్ డిఫెక్టుల్లో మూలుగుతుంది, ఈలోగా పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుపోతారు. ఫైలింగ్ రోజే ఆ దరఖాస్తు కూడా పడాలి. ముందస్తు బెయిల్ కాదన్న ఉత్తర్వు మీద వేసేటప్పుడు ఈ నియమం వర్తించదు. రిజిస్ట్రీ అడిగితే నియమంలో "శిక్ష పడిన" అని ఉన్నచోట వేలు పెట్టి చూపించు.

గడువు 90 రోజులు. ఉరిశిక్ష కేసుల్లో 60. హైకోర్టు సర్టిఫికెట్ నిరాకరిస్తే ఆ ఉత్తర్వు నుంచి 60. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు తీసేయొచ్చు గానీ, అర్జీ పెట్టుకున్న తేదీ నుంచే. కాబట్టి తీర్పు వచ్చిన రోజు సాయంత్రమే అర్జీ పెట్టు.

పేపర్‌బుక్‌లో, అంటే కేసు కాగితాలన్నీ కుట్టిన కట్టలో, జడ్జిగారు ముందు తిప్పేది సినాప్సిస్, కేసు సారాంశం. కొత్త కేసులు ఒక్క రోజే కట్టలు కట్టలుగా వస్తాయి, ముందురోజు రాత్రి ఇంట్లో చదువుకుని వస్తారు. బెంచి మీద నీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. మొదటి పేజీలోనే కేసేమిటి, కింది కోర్టులు ఏం తేల్చాయి, ఎక్కడ దారి తప్పాయి అన్నది కనబడాలి. దాని తర్వాత తేదీల పట్టిక. పిటిషన్ రెండో పేరాలో న్యాయప్రశ్నలు. మూడు చాలు. ఇరవై రాశావంటే ఒక్కటీ గట్టిది లేదని నువ్వే ఒప్పుకున్నట్టు. కింది కోర్టు రికార్డులో లేని కాగితం జత చేయకు. పిటిషన్ ఆ రికార్డుకే పరిమితమని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఏఓఆరే. కొత్తది తప్పనిసరైతే దానికి విడిగా దరఖాస్తు వేయాలి.

సివిల్‌లో మన ఆంధ్రా నుంచి ఎక్కువగా వచ్చేది సెకండ్ అప్పీళ్ళ మీద, అంటే కింది కోర్టులో ఒక అప్పీలు తేలాక హైకోర్టులో వేసే రెండో అప్పీళ్ళ మీద. భాగపంపకాలు, అగ్రిమెంటు దావాలు, గట్టు తగాదాలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్ ప్రకారం హైకోర్టు గణనీయమైన న్యాయప్రశ్న రూపొందించాకే సెకండ్ అప్పీలు వినాలి. తీర్పు తెరవగానే ఆ ప్రశ్న ఎక్కడుందో వెతుకు. లేకపోతే, లేదా ప్రశ్న ఒకటి రాసి ఇంకోదాని మీద తేల్చి ఉంటే, నీ కేసు అక్కడే ఉంది. కానీ క్లయింటుకు ముందే చెప్పు: ఆ పాయింటు మీద గెలిస్తే వచ్చేది పొలం కాదు, చాలాసార్లు రిమాండ్. మళ్ళీ హైకోర్టు. రెండు కోర్టులూ ఒకేలా తేల్చిన నిజానిజాల్లోకి సుప్రీంకోర్టు దిగదు. సాక్ష్యం అసలు లేకుండా తేల్చారనో, ముఖ్యమైన కాగితం చూడనే లేదనో చూపిస్తే తప్ప.

ఇప్పుడు కాసేపు స్థిమితంగా కూర్చుని చదువు. ఏళ్ళ తరబడి అదే తప్పు అందరూ చేస్తూనే ఉన్నారు, పేరున్న వాళ్ళు కూడా.

ఎస్‌ఎల్‌పి డిస్మిస్ అవుతుంది. జూనియర్ బయటికొచ్చి క్లయింటుకు ఫోన్ చేసి "సుప్రీంకోర్టు కూడా హైకోర్టు తీర్పునే ఖాయం చేసిందండీ" అంటాడు. పేపర్లూ అదే రాస్తాయి. అది అబద్ధం. కున్హాయమ్మద్ కేసులో 2000లో దీన్ని విడమరిచి చెప్పారు, ఖోడే డిస్టిలరీస్ కేసులో 2019లో మళ్ళీ నిలబెట్టారు. కారణాలేవీ లేకుండా "డిస్మిస్డ్" అంటే అప్పీలు వేసుకోనివ్వలేదనే అర్థం. హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు తీర్పులో కలిసిపోదు. అందులో తప్పో ఒప్పో సుప్రీంకోర్టు ఏమీ చెప్పనట్టే. కారణాలు రాసి డిస్మిస్ చేస్తే అప్పుడూ కలిసిపోదు, కానీ అందులో చెప్పిన న్యాయసూత్రం దేశమంతటికీ కట్టుబాటు, మిగతా మాటలకు ఆ పార్టీలూ కింది కోర్టులూ కట్టుబడాలి. "లీవ్ గ్రాంటెడ్", అంటే అప్పీలుకు అనుమతిచ్చాం, అని ఒక్క మాట పడ్డాక మాత్రం కథ మారిపోతుంది. అది అప్పీలు. ఆ తర్వాత ఒక్క లైనులో కొట్టేసినా సరే, హైకోర్టు తీర్పు అందులో కలిసిపోయినట్టే, హైకోర్టులో రివ్యూ దారి, అంటే తన తీర్పును తానే మళ్ళీ చూసుకోమని అడిగే దారి, మూసుకుపోయినట్టే.

దీన్నిబట్టి బెంచి ముందు నిలబడ్డ ఆ అర నిమిషం ఎంత విలువైనదో చూడు. జడ్జిగారు ఫైలు మూసి "మేం జోక్యం చేసుకోదలచుకోలేదు" అంటారు. సీనియర్ వెనక్కి తిరిగి నీ మొహం చూస్తాడు. కంగారులో "విత్‌డ్రా చేసుకుంటామండి" అంటారు. కొట్టేశారన్న మాట రాకుండా గౌరవంగా బయటపడ్డామనుకుంటారు. ఏ వెసులుబాటూ అడగకుండా ఉపసంహరించుకుంటే అదే ఉత్తర్వు మీద మళ్ళీ ఎస్‌ఎల్‌పి నిలవదు. "హైకోర్టులో రివ్యూ వేసుకోవడానికి అనుమతితో" అని అడిగి, అక్కడితో ఆగిపోతే అదింకో గొయ్యి. హైకోర్టు రివ్యూ కొట్టేస్తుంది, మళ్ళీ ఢిల్లీ వస్తావు, అసలు తీర్పు మీద తిరిగి రావడానికి అనుమతి తీసుకోలేదు కదా అంటారు. రివ్యూ కొట్టేసిన ఉత్తర్వు ఒక్కదాని మీదే వేసిన ఎస్‌ఎల్‌పి నిలవదు, ఎందుకంటే అసలు తీర్పు అలాగే ఉంది. కాబట్టి అడిగితే రెండూ అడగాలి: రివ్యూకు వెళ్ళడానికీ, అవసరమైతే తిరిగి రావడానికీ. రెండోది ఇవ్వకపోవచ్చు. ఇవ్వనన్నారంటే, విత్‌డ్రా చేసుకోవాలా డిస్మిస్ చేయించుకోవాలా అన్నది అక్కడే తేల్చుకోవాలి. కారణాల్లేని డిస్మిసల్ అయితే రివ్యూ దారి ఎలాగూ ఉంటుంది. ఇది కోర్టులోకి వెళ్ళే ముందే సీనియర్‌తో మాట్లాడి పెట్టుకో, ఫైలు పైన పెన్సిల్‌తో రాసి పెట్టు.

ఇంకో రెండు మాటలు. రివ్యూకు గడువు హైకోర్టు తీర్పు నుంచి 30 రోజులే. నువ్వు ఢిల్లీ వెళ్ళొచ్చేసరికి అది దాటిపోయే ఉంటుంది, ఎస్‌ఎల్‌పి నడిచిన రోజులు తేదీలతో చూపిస్తూ ఆలస్యం పిటిషన్ పెట్టాలి. ఇక క్రిమినల్‌లో హైకోర్టుకు తన తీర్పును తిరగదోడే అధికారమే లేదు. శిక్ష ఖాయమైన కేసులో "రివ్యూకు అనుమతి" అని అడిగేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది, ఆ ఖైదీ తల్లి గుర్తొస్తే ఆ నవ్వు ఆగిపోతుంది. ఏ కేసైనా ఆ సాయంత్రం వెబ్‌సైట్లో రికార్డ్ ఆఫ్ ప్రొసీడింగ్స్ (ఆ రోజు ఉత్తర్వు) తెరిచి ప్రతి మాటా చదివాకే క్లయింటుకు ఫోన్ చెయ్. "ఆలస్యం కారణంగా" అని ఉందా, "ఆలస్యం వల్లా, యోగ్యత మీదా" అని ఉందా చూడు.

క్రిమినల్‌లో నోటీసు వచ్చిందని సంబరపడకముందు అది దేని మీద వచ్చిందో చదువు. "నేర స్వభావం వరకే" అని పరిమితం చేస్తే, హత్యా కాదా అన్నది తప్ప, మనవాడు అక్కడున్నాడా లేడా అన్నది ఇక వినరు. పూర్తి విచారణకు వస్తే అప్పుడు రికార్డు తెప్పిస్తారు. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేట్‌కు ఎప్పుడు చేరింది, శవపంచాయితీ కాగితంలో సాక్షి పేరుందా, పోస్టుమార్టం గాయాలు సాక్ష్యంతో కలుస్తున్నాయా అని చూస్తారు. సెషన్స్ కోర్టులో ముద్దాయిని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్ కింద, అంటే ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 351 కింద, అడగని విషయాన్ని అతని మీద వాడకూడదు. ఆ ప్రశ్నల కాగితం తప్పకుండా తెప్పించు. మరణవాంగ్మూలమైతే మనిషి స్పృహలో ఉన్నాడని డాక్టరు రాసిన ఎండార్స్‌మెంట్ చూడు. పోలీసుల ముందు ఒకటి, కోర్టులో ఒకటి చెప్పిన సాక్షి ఉన్నా, ఆ తేడాను క్రాస్ ఎగ్జామినేషన్‌లో సాక్షి ముందు పెట్టి, దర్యాప్తు అధికారి ద్వారా రుజువు చేయించకపోతే, ఢిల్లీలో ఎంత పెద్ద సీనియర్ వచ్చినా ఏమీ చేయలేడు. ఇక్కడి కుర్రాళ్ళకు ఆ సంగతి నువ్వైనా చెప్పు, నా మాట వినరు.

ఉరి ఖాయమైన కేసులు ముగ్గురు జడ్జిలకు తక్కువ కాని బెంచి వింటుంది. 2014 నుంచి ఆ కేసుల్లో రివ్యూ కూడా బహిరంగంగా, అరగంట మౌఖిక వాదనతో వినాలి. మిగతావి మామూలుగా ఇద్దరు వింటారు. ఆ ఇద్దరికీ పొసగకపోతే చీఫ్ జస్టిస్ ముందుకు, అక్కడి నుంచి పెద్ద బెంచికి వెళ్తుంది.

తెలుగు అగ్రిమెంట్లు, వీలునామాలు ఇంగ్లీషులోకి మార్పించాక మూలంతో పక్కపక్కన పెట్టి నువ్వే చదువు. మన భాష తెలిసినవాళ్ళు ఆ ఆఫీసులో నువ్వొక్కదానివే కావచ్చు. పేదలకు ఉచితంగా లాయరును పెట్టే సుప్రీంకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీలో పేరు రాయించుకో. జైలు నుంచి వచ్చే పిటిషన్లలో డబ్బులు రాకపోయినా రికార్డు చదవడం వస్తుంది. చలికి మీ అమ్మ స్వెట్టర్ కొంటానంటే కాదనకు.

ఇంకొకటి. ఇక్కడ నీ పేరు మీద సర్టిఫైడ్ కాపీల అర్జీలు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో, ఏ కేసులో 90 రోజులు ఏ తేదీకి నిండుతాయో, వాటిని ఎవరికి అప్పగించి వెళ్తున్నావో ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ఆ మనిషి ఫోన్ నంబరు కూడా రాయి, నేను ఒకసారి మాట్లాడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న