బోర్డు మీద పేరు రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

మొన్న ఫోనులో గడగడా చెప్పుకుపోయావు. సంక్రాంతికి పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం, బడి పేరు నిలబెట్టిన పాతికమందికి సన్మానం, శాలువాలు, జ్ఞాపికలు, మూడొందల మందికి భోజనాలు. నా చెవులు ఇప్పుడు సగమే పనిచేస్తున్నాయి నాయనా, అందుకని జవాబు కాగితం మీద పెడుతున్నాను. ముప్పై రెండేళ్లు ఆ మైదానంలో ఈల ఊదినవాణ్ణి. ఇలాంటి సన్మానాలు చేశాను, చేయించాను, రెండింటిని చేజేతులా చెడగొట్టాను కూడా. ఆ చెడగొట్టినవే నీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందు తేదీ సంగతి. సంక్రాంతికి హైదరాబాదు నుంచీ, చెన్నై నుంచీ అందరూ ఊరొస్తారు, కాదనను. కానీ అప్పుడు బడికి సెలవులు. తాళాలేసిన గదుల ముందు షామియానా వేసుకుని, మనకి మనమే చప్పట్లు కొట్టుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోతాం. ఎనిమిదో తరగతి పిల్ల ఒక్కతి కూడా అక్కడ ఉండదు. సమ్మేళనం సంక్రాంతికే పెట్టుకో, భోజనాలూ అప్పుడే. సన్మానం మాత్రం బడి నడిచే రోజున చెయ్యి. ఆగస్టు 29 ఉండనే ఉంది, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం. అదే రోజు మన జిల్లావాడే అయిన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఉదయం తెలుగు మాస్టారిది, మధ్యాహ్నం నీది అని హెడ్‌మాస్టరు దగ్గర ముందే మాట్లాడుకో. లేకపోతే పద్యాలూ ప్రసంగాలూ అయ్యేసరికి నీ అతిథులు బస్సెక్కేస్తారు. వానాకాలం కదా అంటావేమో. వరండాలో చేసుకోవచ్చు. మా రోజుల్లో వానలో హైజంపు పోటీలే పెట్టాం, ఇసుక గుంటలో నీళ్లు తోడి పోసి.

ఇక అసలు మాట. శాలువా ఆ సాయంత్రానికే మడతపడి బీరువాలోకి పోతుంది. మిగిలేది బోర్డు. కాబట్టి డబ్బూ, బుర్రా, సమయం మూడూ బోర్డు మీద పెట్టు.

మన బడికి ఒకప్పుడు బోర్డు ఉండేది, నీకు తెలియదు. జిల్లా బోర్డు హైస్కూలుగా ఉన్నప్పటిది. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక బడి పేరు మారింది గానీ, ఊళ్లో పెద్దవాళ్లు బోర్డు స్కూలనే అనేవారు. నేను చేరిన ఏడాది, స్టోరు గదిలో విరిగిన బెంచీల వెనక కనపడింది, నల్లరంగు చెక్క పలక, నా భుజం ఎత్తు. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము కింద నుంచి తెల్ల అక్షరాలు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ‘త్రిపుల్ జంప్’ అని ఉంది. పక్కన ‘41 అడుగులు’ అని ఉంది. పేరున్న చోట చెద. అరచేయంత మేర చెక్క పొడిపొడిగా రాలిపోయింది. నలభై ఒక్క అడుగులు! తడి మట్టిలోనో ఇసుకలోనో ఎవడో దూకాడు, ఎవరో టేపు పట్టుకుని కొలిచారు, ఎవరో పెయింటరుకి డబ్బిచ్చి రాయించారు. ఆ దూకినవాడు ఎవరో కనుక్కోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, అప్పటికి ఆయన పోయారు. ఆ తర్వాత ఒకసారి గదులు ఖాళీ చేసినప్పుడు పలక కూడా ఎటో పోయింది. అందుకే చెబుతున్నాను: బోర్డు రాయించగానే దగ్గరగా నిలబడి ఫొటో తీయించు, అందులో ఉన్నదంతా ఒక పుస్తకంలో ఎక్కించు, ఆ పుస్తకం నకలు ఒకటి బడి బయట ఎవరింట్లోనైనా ఉంచు.

పేర్లు ఎలా పోగుచేస్తావు? వాట్సాప్ గ్రూపులో అడిగితే గొంతున్నవాళ్లవే వస్తాయి. అడ్మిషన్ రిజిస్టరు దగ్గర మొదలుపెట్టు. అది ఏ బడైనా పారెయ్యకూడని పుస్తకం. హెడ్‌మాస్టరుకి లెటరు రాసి, ఆయన ముందే కూర్చుని చూడు, ఇంటికి తీసుకెళ్లకు. మన వైపు పేర్లు నీకు తెలుసుగా, తరగతికి నలుగురు అప్పలనాయుళ్లు. పేరుతో బాటు అడ్మిషన్ నంబరు, తండ్రి పేరు, బడి వదిలిన సంవత్సరం రాసుకో. తర్వాత సర్టిఫికెట్లు. ఆడినవాళ్లు ట్రంకు పెట్టెలో దాచుకుంటారు, అడిగితే ఏడుస్తూ తీస్తారు. వాటి మీద సంతకాలూ ముద్రలూ చూడు. బడుల మధ్య జరిగే గ్రిగ్ ఆటల పోటీల్లో డివిజన్ దాకా ఆడినవాడు పాతికేళ్లకి జిల్లా అంటాడు, నలభై ఏళ్లకి రాష్ట్రం అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు, చెప్పగా చెప్పగా వాడికే అలా గుర్తుండిపోతుంది.

నా మొదటి తప్పు ఇక్కడే. మన వైపు సింహాచలం అంటే ఆడా కావచ్చు, మగా కావచ్చు. అలాంటి పేరే ఒకటి పాత జాబితాలో దొరికింది, డిస్కస్, జిల్లాలో రెండో స్థానం. పేరు మాత్రమే చూసి మగపిల్లాడనుకున్నాను. ఊళ్లో ఆ పేరున్న ఒకాయన్ని పట్టుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టాం. ఆయన మొహమాటపడి శాలువా కప్పించుకుని వెళ్లిపోయాడు, నాది కాదు అనలేదు పాపం. నెల తర్వాత పక్క మండలం నుంచి ఒకావిడ వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నాలుగు మడతలు పెట్టిన సర్టిఫికెట్. ‘అది నేనండీ మాస్టారూ’ అని మాత్రం అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏదైనా తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

ఆడపిల్లల్ని వెతకడం వేరే పని, దాన్ని వేరే మనిషికి అప్పగించు. వీలైతే ఆ కాలపు అమ్మాయే కావాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఒక్కోసారి అత్తింటివాళ్లు పిలిచే పేరు కూడా వేరే. బ్యాచి గ్రూపుల్లో ఉండరు. పుట్టింటి వీధికెళ్లి అన్నదమ్ముల్నీ, మేనమామల్నీ అడగాలి. బోర్డు మీద రిజిస్టరులో ఉన్న పేరే ముందు రాయించు, ఇప్పటి ఇంటిపేరు పక్కన పెట్టు. అప్పుడు ఆవిడ పుట్టింటివాళ్లకీ తెలుస్తుంది, ఆవిడ మనవరాలికీ తెలుస్తుంది.

పేరు పక్కన కొలత తప్పకుండా ఉండాలి. ‘ప్రముఖ క్రీడాకారుడు’ అని రాస్తే చదివే పిల్లకి ఏం ఉపయోగం? మన కరణం మల్లీశ్వరినే చూడు. ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో పెరిగిన పిల్ల, 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగులో కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఆ మాట అందరికీ నోటికి వచ్చు. మా బడి గోడ మీద నేను రాయించింది వేరే: 69 కిలోల విభాగం, స్నాచ్ (ఒక్క ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు. ఒకరోజు తొమ్మిదో తరగతివాడు వచ్చి అడిగాడు, ‘బంగారం ఎంతకొచ్చింది మాస్టారూ?’ 242.5 అన్నాను. వెండి కూడా అంతే బరువుకి వచ్చింది. వాడు గోడ వైపు తిరిగి వేళ్లు మడిచి, ‘రెండున్నర కిలోలేనా!’ అన్నాడు. ఆ మధ్యాహ్నం వాడూ వాడి స్నేహితులూ కిరాణా కొట్టుకెళ్లి రెండున్నర కిలోల బియ్యం తూకం వేయించుకుని చేత్తో ఎత్తి చూశారట, కొట్టతను నాతో చెప్పి నవ్వాడు. అంకె లేకపోతే వాడు ఆ కొట్టుకెళ్లడు. అన్నట్టు, మల్లీశ్వరి పేరు రాసిన చోట ఆమెకు మొదట బరువులెత్తడం నేర్పిన నీలంశెట్టి అప్పన్న గారి పేరు కూడా రాయించాను. నువ్వూ ప్రతి పేరు కిందా, తెలిస్తే, నేర్పినవారి పేరు వెయ్యి. నా పేరు కోసం కాదులే, నాకన్నా ముందు పనిచేసినవాళ్లు ఇద్దరున్నారు.

కథలు వద్దనను. కోడి రామ్మూర్తి నాయుడు గారి గురించి మన జిల్లాలో ఎన్ని కథలు! వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్నవాడు. అవన్నీ పిల్లలకి చెప్పించు, కళ్లు ఇంతింత చేసుకుని వింటారు. కానీ నాకు ఆయనలో నచ్చే సంగతి జనం చెప్పరు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టరుగా చేరాడాయన. కథ మైకులో, లెక్క బోర్డు మీద. రెండూ కలపకు.

నియమం ముందు రాసుకో, పేర్లు తర్వాత. పేర్లు ముందు పెట్టుకుంటే నియమం వాటికి తగ్గట్టు వంగుతుంది. నా సలహా: బడి తరఫున ఆడుతూ జిల్లా జట్టులో గానీ, ఆ పైన గానీ బరిలోకి దిగినవాళ్లు. ఆట ఏదైనా సరే. ఎవరూ పట్టించుకోని ఆటలే ముందు వెతుకు. బాల్ బ్యాడ్మింటన్ తీసుకో, పసుపు ఊలు బంతి, జట్టుకి ఐదుగురు, ఒకప్పుడు ప్రతి బడి వెనకా రెండు కర్రలూ ఒక వలా ఉండేవి. ఆ ఆటలో 1970లోనే వరంగల్ పిచ్చయ్య గారికి అర్జున అవార్డు వచ్చింది. ఇవాళ మన పిల్లల్ని అడుగు, ఆ బంతి చూసినవాళ్లు ఎందరో.

చదువుల్లో, కళల్లో పైకొచ్చినవాళ్లకి వేరే బోర్డు పెట్టు, దానికీ నియమం ఉండాలి. జీతం నియమం కాదు. అమెరికాలో ఉద్యోగం మంచిదే, సంతోషం, దాన్ని బోర్డు మీద రాయనక్కర్లేదు. మన బడిలో ఏడో తరగతి దాకా చదివి తప్పెటగుళ్ల జానపద నృత్య దళం నడిపిన మనిషి ఉన్నాడు, నా ఓటు అతనికి. ఇక చందాదారుల పేర్లు. బోర్డు ఖర్చు ఎవరు పెట్టుకున్నా, వాళ్ల పేరు ఆ బోర్డు మీద ఉండకూడదు. రసీదు ఇవ్వు, చివరి పేజీలో రాసుకో, నలుగురిలో థాంక్స్ చెప్పు. ఒకసారి దాత పేరు ఎక్కిందా, వచ్చే ఏడాది నుంచి అది చందాల బోర్డే. దీని మీద మాత్రం ఎవరెంత మొహమాటపెట్టినా తగ్గకు.

ఆ రోజు ఎలా నడపాలో రెండు ముక్కలు. సర్కారు బడి కాబట్టి ప్రోటోకాల్ ఉంటుంది, నాయకుల్ని పిలవక తప్పదు. పిలువు. సన్మానం ముందు చేసి, ప్రసంగాలు తర్వాత పెట్టు. నా రెండో తప్పు ఇదే. ఒక ఏడు, రాష్ట్ర జట్టుకి కబడ్డీ ఆడిన అమ్మాయిని పిలిచాం, చంటిపిల్లని ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. వచ్చాక ఆయన మాట్లాడారు, ఆయన వెంట వచ్చినవాళ్లు మాట్లాడారు. ఆఖరి బస్సు టైమైపోతోందని ఆ పిల్ల మెల్లగా లేచి వెళ్లిపోయింది. మైకులో పేరు పిలిచేసరికి కుర్చీ ఖాళీ. శాలువా నా చేతిలోనే ఉండిపోయింది. రానుపోను బండి నువ్వే ఏర్పాటు చెయ్యి. ఆటో నడుపుకునేవాడు ఒకరోజు పని మానుకుని వస్తాడు, ఆ సంగతి మరిచిపోకు, అడగకుండానే చూసుకో.

వచ్చినవాళ్ల చేత ఉపన్యాసం చెప్పించకు. మైదానంలోకి దింపు. మోకాళ్లు నొప్పంటారు, ఫరవాలేదు. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి డిస్కస్ ఎలా పట్టుకోవాలో చూపించమను, కూత ఎక్కడ ఆపాలో చెప్పమను. పాత స్పైకు బూట్లూ, జెర్సీ ఉంటే తెమ్మను, పిల్లలు ముట్టుకోవాలి.

ఇంకో సంగతి. బోర్డు కింద సగం ఖాళీగా వదిలెయ్యి. వరంగల్ జిల్లాలో కల్లెడ అని ఒక పల్లె ఉంది. విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్లిన ప్రణీత ఆ ఊరిదే, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం గెలిచిన జీవంజి దీప్తి కూడా ఆ ఊరిదే. చిన్నప్పుడు దీప్తిని ఊళ్లో నానా మాటలూ అన్నారని ఆమె తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆ పిల్ల పరుగు ముందు గమనించింది బళ్లో ఆటల మాస్టారు. పతకం వచ్చాక ఊరేగింపు ఎవరైనా చేస్తారు. మన బళ్లో ఇప్పుడు జిల్లాకి ఎంపికైన పిల్లలుంటారు, వాళ్లని ఆ రోజు మొదటి వరసలో కూర్చోబెట్టు. బూట్లు లేనివాళ్లు ఎవరో ఇప్పటి పి.ఈ.టి.ని అడిగి ముందే తెలుసుకో. జ్ఞాపికల ఖర్చులో సగం తగ్గించినా ఆ బూట్లు వచ్చేస్తాయి.

నా దగ్గర 1980 నుంచి రాసిన నోటుపుస్తకాలు మూడున్నాయి, ఏ పోటీకి ఎవరెవర్ని తీసుకెళ్లానో, ఎవరు గెలిచారో, ఎవరికి దారిలో వాంతులయ్యాయో అన్నీ ఉన్నాయి. ఆదివారం వచ్చి ఇక్కడే కూర్చుని చూసుకో, బయటికి ఇవ్వను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

రెండో పుస్తకంలో నీ పేరు కూడా కనపడింది. జిల్లా కబడ్డీ జట్టు, పన్నెండో నంబరు, రిజర్వు. బరిలోకి దిగలేదు. పైన రాసిన నియమం ప్రకారం నీ పేరు బోర్డు మీదకి రాదురా. ఏమీ అనుకోకు.

మీ డ్రిల్లు మాస్టారు