గుడ్లు పెట్టని చేప రెట్టింపు పెరుగుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా శింగనమల దగ్గర పల్లె. సొసైటీ తరఫున ఏటా చెరువులో బొచ్చె, రాగండి పిల్లలు వదులుతాం. ఈసారి ఒక వ్యాపారి వచ్చి 'గొడ్డు సీడ్' ఇస్తానంటున్నాడు. గుడ్లు పెట్టవు కాబట్టి రెట్టింపు పెరుగుతాయంట, ఎక్కువ కాలం బతుకుతాయంట. విత్తులు కొట్టిన పొట్టేలు బలిసినట్టేనంటాడు. ధర మాత్రం మూడింతలు. నమ్మొచ్చా సార్?

జవాబు: వ్యాపారి మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఉత్తర అమెరికా సరస్సుల్లో కొకానీ అనే సాల్మన్ ఉంది. సుమారు నాలుగేళ్లకు గుడ్లు పెట్టి, ఆ వెంటనే చచ్చిపోతుంది. 1961లో రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త చిన్న వయసులోనే వాటి బీజకోశాలు కోసి తీసేస్తే, కొన్ని ఎనిమిదేళ్ల దాకా బతికాయి. మన బొచ్చెకు ఆ శాపం లేదు. గుడ్లు పెట్టాక కూడా అది ఏళ్ల తరబడి బతుకుతుంది.

ఇప్పుడు కత్తి పని లేదు. ఫలదీకరణ అయిన కాసేపటికే గుడ్లకు వేడో, చలో, గట్టి ఒత్తిడో తగిలిస్తారు. రెండు వరసలుండాల్సిన క్రోమోజోములు మూడవుతాయి. అలాంటి చేపలు గొడ్డువవుతాయి, వాటిని ట్రిప్లాయిడ్ చేపలంటారు. గుడ్లకు పోవాల్సిన మేత కండకు మళ్లుతుందన్నది నిజమే. కానీ అది చేప ఈడుకొచ్చాక సంగతి. బొచ్చెకు, రాగండికి అందుకు రెండేళ్లయినా పడుతుంది. మీరు వానలకు పిల్లల్ని వదిలి, ఎండలకు చెరువు అడుగంటేలోపే వల వేసేస్తారు. అంతలో బరువులో తేడా ఏం కనిపిస్తుంది?

పైగా ఈ రకం వేడి నీళ్లను, గాలి తక్కువైన నీళ్లను మామూలు చేపంత తట్టుకోదు. ఏప్రిల్‌లో నీళ్లు మోకాలి లోతుకు దిగినప్పుడు, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం మీరు చూసే ఉంటారు. అప్పుడు ముందు టెన్షన్ పెట్టేది ఆ ఖరీదు చేపే.

అసలు బొచ్చె, రాగండి నిలువ నీళ్లలో ఎలాగూ గుడ్లు పెట్టవు. వాటికి వానాకాలపు ఏటి పారుదల కావాలి. అందుకే హేచరీల్లో హార్మోన్ సూది వేసి పెట్టిస్తారు. మీ చెరువులో పెట్టని గుడ్లు ఆపడానికి మూడింతల డబ్బా! జిలేబి చేప (తిలాపియా) సంగతి వేరు, అది నిలువ నీళ్లలోనే గుడ్లు పెట్టి చెరువంతా పిల్లలతో నింపేసి దేన్నీ పెరగనివ్వదు.

అమెరికాలో నీటి కలుపు తినడానికి గొడ్డు గడ్డిచేపల్ని వదిలే ముందు, నిజంగా గొడ్డువో కాదో తేల్చుకోడానికి ఒక్కో చేప రక్తం పరీక్షిస్తారు. వ్యాపారిని అలాంటి కాగితమేదైనా ఉంటే చూపించమనండి. చేతిలో డబ్బుంటే 10 సెంటీమీటర్ల మామూలు పిల్లలు కొనండి. అంతకన్నా చిన్నవైతే సగం కొర్రమీను, వాలుగ నోట్లోకే పోతాయి.