గట్టి జాబ్‌కి మెత్తని వీల్

అన్నా, హార్డెన్ చేసిన డై స్టీల్ జాబ్‌ని (పని చేసే ముక్కని) గ్రైండ్ చేస్తుంటే కాలిన మచ్చలు పడుతున్నాయని, గ్రైండింగ్ వీల్ పీ గ్రేడ్ అని రాశారు. సమస్య ఆ గ్రేడ్‌లోనే ఉంది. గ్రేడ్ అంటే వీల్‌లోని రేణువుల్ని బాండ్, అంటే వాటిని అతికించే పదార్థం, ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అక్షరం. వీల్ అరగదీయదు, కోస్తుంది. ఒక్కో రేణువూ ఒక చిన్న టూల్. గ్రైండింగ్ పొడిని భూతద్దం కింద చూడండి, లేత్ చిప్‌లాగే చుట్టలు తిరిగి కనిపిస్తుంది. రేణువు మొద్దుబారగానే బాండ్ దాన్ని వదిలేయాలి, అప్పుడే పదునైనది బయటపడుతుంది. మీ బాండ్ మరీ గట్టిది, వదలట్లేదు. మొద్దు రేణువులు కోయలేక రాసుకుంటూ వేడి పుట్టిస్తున్నాయి. వీల్ ముఖం నున్నగా మెరుస్తుంటే ఇదే కారణం.

తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ వీల్, 46 గ్రిట్ (రేణువు సైజు), పీ కన్నా మెత్తనిదైన హెచ్ లేదా జే గ్రేడ్ వేయండి. ఈలోపు పాత వీల్‌ని డైమండ్‌తో డ్రెస్ చేసి (మొద్దు పైపొర గీకేసి), ఫినిషింగ్‌లో కోత లోతు 0.01 మి.మీ. దాటనివ్వకండి. కూలెంట్ సరిగ్గా కోత దగ్గరే పడాలి. కొత్త వీల్ బిగించేముందు స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమనకపోతే లోపల పగులు ఉండొచ్చు, దాన్ని అస్సలు ఎక్కించొద్దు.